అన్నదానము - పాత్రాపాత్ర విచారము

దానము చేయునప్పుడు దేశమును, కాలమును, పాత్రమును చూడవలెనని శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించెను. తగిన చోట, తగిన సమయమున, తగినవానికి ప్రత్యుపకారము కోరక ఇచ్చునది సాత్త్వికము. ఈ విచారణ లేక, ఆదరము లేక ఇచ్చునది తామసము. అయితే అన్నము విషయమున మన పెద్దలు ఈ నియమమును కొంత సడలించిరి. అన్నదానమునకు ఆకలియే పాత్రత యనిరి. 1985వ సంవత్సరము నుండి తిరుమల క్షేత్రమున జరుగుచున్న నిత్యాన్నదానమున పంక్తిలో కూర్చున్నవానిని నీ కులమేమి, నీ ఊరేమి యని అడుగువారు లేరు. విస్తరి ముందు కూర్చుండుటయే చాలును.

కాని, ఆకలిగొన్నవానికిని దాతకును నడుమ ఆయుధధారి యొకడు నిలిచియున్నచో ఏమి చేయవలెను? వాని అనుమతి లేనిదే అన్నము ముందునకు సాగదు. వాడు అనుమతించినచో అందు కొంత భాగము వాని సైనికుల పాలగును. అట్టి చోట ఇచ్చుట ధర్మమా, మానుట ధర్మమా? ఇది తర్కమునకై కల్పించిన ప్రశ్న కాదు. ఆఫ్రికా ఖండమందలి సూడాన్ దేశమున అన్నము పంచబోయినవారు ఏండ్ల తరబడి ఎదుర్కొన్న ప్రశ్న.

1983లో అచటి ప్రభుత్వమునకును, దక్షిణ ప్రాంతపు తిరుగుబాటు సైన్యమునకును యుద్ధము మొదలయ్యెను. 1988 నాటి కరవున సుమారు 2,50,000 మంది మరణించిరని అంచనా. ఆ కరవును తెచ్చినది అనావృష్టి మాత్రమే కాదు. పశువులను తోలుకొని పోవుట, పంటలను తగులబెట్టుట, ధాన్యమును దారిలోనే ఆపుట అనునవి యుద్ధతంత్రములైనవి. 1989లో ఐక్యరాజ్యసమితి ఉభయపక్షములతోను మాట్లాడి, ఇరువురి అధీనమందలి ప్రజలకును ఆహారము చేరునట్లు ఒడంబడిక కుదిర్చెను. దానికి ఆపరేషన్ లైఫ్‌లైన్ సూడాన్ అని పేరు. తనపై తిరుగబడినవారి ప్రాంతమునకు అన్నము పోవుటకు ఒక ప్రభుత్వము ఈ విధముగా సమ్మతించుట అంతకుముందు ఎరుగని విషయము. కెన్యా సరిహద్దున లోకిచోగ్గియో అను చిన్న ఊరు ఈ కార్యమునకు స్థావరమయ్యెను. అచట నుండి ఎగిరిన విమానములు జొన్నల బస్తాలను ఆకాశము నుండియే జారవిడిచెడివి. ఏ సంస్థ ఏ ప్రాంతమునకు పోవలెను, ఎవరు వైద్యము చూడవలెను, ఎవరు విత్తనము లియ్యవలెను అనునది అందరును కూడి నిర్ణయించుకొనెడివారు.

అయితే విమానము ఎచట దిగవలెనన్నను ఖార్టూమ్ ప్రభుత్వపు అనుమతి కావలసియుండెను. నూబా కొండలలో తిరుగుబాటుదారుల అధీనమున నున్న ప్రజలకు ఆ అనుమతి ఏండ్ల తరబడి లభింపలేదు. 1998 ఫిబ్రవరిలో బహర్ ఎల్ గజాల్ ప్రాంతమునకు విమానములు నిషేధింపబడెను. కరవు ముదిరెను.

ఆ సంవత్సరమే మరియొక సంగతి వెల్లడి యయ్యెను. పంచిన జొన్నలు తల్లుల చేతికి చేరుచునే యున్నవి. బిడ్డలు మాత్రము ఎండిపోవుచునే యుండిరి. విచారింపగా, పంపకము ముగిసిన తరువాత గ్రామ పెద్దలు ఆ ధాన్యమును మరల కూడబెట్టించి, సైన్యమునకు కొంత భాగము తీయుచున్నట్లు తేలెను. అంతటితో ముగియలేదు. మిగిలినదానిని డింకా జాతివారు తమ బంధువర్గమున పంచుకొనుచుండిరి. ఒక ఇంటికి ఇచ్చినది పది ఇండ్లకు పోవుట అచట దొంగతనము కాదు, కులధర్మము. మన పల్లెలలోను కరవుకాలమున కుంచెడు గింజలను తానొక్కడే దాచుకొని తిన్నవానిని ఎవరు మెచ్చుకొందురు? సైనికుని వాటాయు, మేనమామ వాటాయు విమానము నుండి చూచువానికి ఒక్క తీరుగనే కనబడును. రెంటికిని భేదము తెలియవలెనన్న ఆ ఊరిలో కూర్చుండి, ఆ ఇల్లాలితో మాట్లాడవలెను. బంధువులు లేక పారిపోయి వచ్చినవారికి ఏ వాటాయు దక్కలేదన్న సంగతియు అట్లు విచారించినందుననే బయటపడినది.

శ్రీమద్భాగవత నవమ స్కంధమున రంతిదేవుని కథ కలదు. 48 దినములు నిరాహారుడై యున్న ఆ రాజు, లభించిన అన్నమును అతిథులకు వరుసగా ఇచ్చివేసి, మిగిలిన గ్రుక్కెడు నీటిని సైతము దాహముతో వచ్చిన పుల్కసునికి ఇచ్చెను. అందరియందును శ్రీహరినే చూచెను. అయితే ఆయన అతిథి ఆయన కన్నుల ఎదుట నిలిచియుండెను. శ్రీ భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరు గోపురమెక్కి, గురువు రహస్యముగా ఉంచుమన్న మంత్రార్థమును ఎల్లరకును వెల్లడించి, తనకొక్కనికి నరకము వచ్చిన వచ్చుగాక యనిరని పెద్దలు చెప్పుదురు. సైన్యాధికారితో మాట్లాడి అపకీర్తికి ఓర్చిన సేవకుని ఈ కథతో సమర్థింప వచ్చునా? పూర్తిగా సమర్థింపరాదని నా అభిప్రాయము. ఉడయవరులు తమ నరకమును తాము అంగీకరించిరి. ఇచట దాత పొరపడినచో ఆ జొన్నలు తిన్న సైనికుడు మరియొక గ్రామముపై పడును. ఆ గ్రామమువారిని మనము అడుగలేదు కదా!

అందుచేత మానుటయే మేలందురా? సైనికుని పాపమునకు ఆ తల్లిని శిక్షించుట యగును. కన్నులు మూసికొని ఇచ్చుట తామసమగును. 1995లో ఆ సంస్థలు తిరుగుబాటుపక్షముతో కలసి, సహాయము పౌరులకే చెందవలెనన్న నియమములను వ్రాసికొనిరి. ఒకరు చాటుగా సుంకము చెల్లించినచో పక్కవాడు కాదనలేడు. అందుకే అందరును ఒక్క మాటపై నిలువవలెను. 2000లో తిరుగుబాటుపక్షము తన షరతులకు సంతకము చేయుమని పట్టుబట్టగా ఆ ఐక్యము చెదరెను. కొన్ని సంస్థలు సంతకము చేసి నిలిచినవి, కొన్ని వెడలిపోయినవి. వెడలినవారిని నిందించుటకు మనసొప్పదు. అయినను ఉండిపోయి, లెక్కలు అడుగుచు, గొణుగుచు పనిచేసినవారి వైపే నా మనస్సు మొగ్గును. దేశకాలపాత్రముల విచారణ యనగా అట్టి చోట ఇదియే.

2005లో ఆ యుద్ధము ముగిసెను. 2011లో దక్షిణ సూడాన్ వేరు దేశమయ్యెను. కాని 2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యమునకును, అర్ధసైనిక దళమునకును మరల పోరు రేగినది. 2024 ఫిబ్రవరిలో చాడ్ సరిహద్దునందలి అద్రె దారిని సైన్యపక్షపు ప్రభుత్వము మూసివేసెను. ఆయుధములు కూడ ఆ దారినే వచ్చునని వారి వాదము; అది కేవలము సాకు అని త్రోసివేయుటకు వీలులేదు. ఆగస్టు మొదట జంజం శిబిరమున కరవు నెలకొన్నదని నిర్ధారణ యయ్యెను. ఆ నెలలోనే దారి మూడు మాసముల గడువుతో తెరువబడినది. లారీలు కదలినవి. నవంబరులో గడువు ముగియగానే మరల అనుమతి అడుగవలసి వచ్చినది.