రహస్యశిష్యుఁడు
1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డిగ్రాంజెసు దొరలు ఆనందరాయరు సాయమున సువార్తలను తెనుఁగు చేయ నారంభించిరి. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరామపురమున అచ్చగునప్పటికి దొర లిరువురును గతించిరి. ఆ మూఁడింటను అరిమతయి యోసేపు కథ యున్నది.

ఇతఁడు ధనికుఁడు, సభలో పెద్ద. భయముచే రహస్యశిష్యుఁడుగ నుండెనని యోహాను చెప్పును. వెంటఁ దిరిగిన శిష్యులు పాఱిపోయిన సాయంకాలము పిలాతుకడ కేఁగి క్రీస్తు దేహమును యాచించినవాఁ డితఁడే. మోషే ధర్మమున శవమును ముట్టినవానికి ఏడుదినముల మైల, అవియో పండుగదినములు. అయినను నారబట్ట కొనితెచ్చి, తనకై రాతిలోఁ దొలిపించుకొన్న క్రొత్తసమాధిలో నుంచెను.

బ్రదికియుండఁగాఁ బలుకని నోరు చచ్చినపిదపఁ బలికిన నేమి ఫలమని కొంద ఱందురు. మే మట్లనఁజాలము, శవము ప్రత్యుపకారము చేయదు గదా! కాని ఆ ముందటి మౌనమును మన్నించుటయు మాకుఁ గష్టముగనే యున్నది. సభవారి యాలోచనకు సమ్మతింపలేదని లూకా వ్రాసెను. సమ్మతింపకుండుట వేఱు, లేచి కాదనుట వేఱు.

ఆయన వెడలిపోయినపిదప స్త్రీలు సమాధి కెదురుగాఁ గూర్చుండియే యుండిరి.