కీర్తిని కాల్చివేయవచ్చునా?

స్కాట్లాండు పాదిరిగారి కుమారుడు బిల్ డ్రమండ్, అతని స్నేహితుడు జిమ్మీ కాటీ పాటలు కట్టి లోకప్రఖ్యాతి నొందిరి. 1992లో ఆ వ్యాపారము విడిచిరి. 1994 ఆగస్టు 23న జురా ద్వీపములో పది లక్షల పౌనుల నోట్లను మంటలో వేసిరి. సొమ్ము వారి స్వార్జితమే. అయినను మైపాడు ఒడ్డున చినిగిన వల కుట్టుకొనువాడు ఇది వినిన, కడుపు మండును. మండవలసినదే.

బేతనియలో ఆ స్త్రీ అత్తరు పోసినప్పుడును శిష్యులు బీదల పేరు చెప్పి కోపపడిరి గదా. ప్రభువు వారిని మందలించెను. కాబట్టి ఖర్చును బట్టి తీర్పు తీర్చరాదు. అయితే ఆమె అత్తరు ఒకరి శిరస్సును తడిపెను. ఈ మంట ఎవరి చలి తీర్చెను? పైగా దానిని ఫిలిముగా తీసి 1995లో జనులకు చూపిరి. కీర్తి వద్దనువానికి కెమెరా ఏల?

మన తెలుగువారిలో దిగంబర కవులు ఆరుగురు సొంత పేర్లు విడిచి మారుపేర్లు పెట్టుకొనిరి. వారిలో మహాస్వప్న మన కందుకూరు ప్రాంతపు లింగసముద్రమువాడు. 1965లో తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ, ఏ మంత్రిచేతనో గాక, రిక్షా కార్మికుడైన నాంపల్లి పాండుచేత ఆవిష్కరింపజేసిరి. వారి బూతు మాటలు నాకు రుచింపవు గాని, ఈ పని రుచించినది. కడపటివానిని ముందు కూర్చుండబెట్టుట సువార్త వినినవారికి క్రొత్త కాదు. అయినను ఆ రాత్రి గౌరవము పాండుకు కలిగెనా, కవుల సాహసమునకా?

క్రిస్మసునాడు విధవరాలికి చీర నిచ్చుచు, ఫోటో తీయువాడు వచ్చువరకు ఆమెను ఎండలో నిలువబెట్టు సంఘములు నేటికిని కలవు.