తన ఊపిరి, తోటివాని ఊపిరి



తన్ను మాలిన ధర్మము, మొదలు చెడ్డ బేరము పనికిరావని మన పెద్దలు సామెత చెప్పిరి. ఈ శరీరము పరోపకారము కొరకే పుట్టినదనియు ఆ పెద్దలే చెప్పిరి. మొదటి మాటనే పట్టుకొన్నవాడు తలుపు వేసికొని తన యింట తాను కూర్చుండును. రెండవ మాటనే పట్టుకొన్నవాడు ముందు వెనుకలు చూడక పరుల కొరకు దూకును. ఈ రెండింటిలో ఏది ధర్మము? రెండును ధర్మములే యైనచో వాని నడుమ పొత్తు కుదురుట యెట్లు? ఈ ప్రశ్నకు శాస్త్రచర్చలో కంటె నీటిలో స్పష్టమైన సమాధానము దొరకునని నాకు తోచుచున్నది.

డుంబ్రిగుడకు సమీపమున చాపరాయి అను చోటు కలదు. వాలుగా పరచుకొన్న విశాలమైన బండ మీదుగా ఏటినీరు జారుచు ప్రవహించును. అరకులోయ చూడవచ్చినవారిలో పెక్కురు అచ్చట ఆగి నీటిలో ఆడుకొందురు. నునుపైన తడిరాతిపై కాలు నిలుచుట ఎంత కష్టమో జారినవానికి గాని తెలియదు. ఏరులు, చెరువులు, కాలువలు, సముద్రతీరములు, ఎచ్చటనైనను జరుగు ప్రమాదముల వార్తలు చదువునపుడు ఒక సంగతి మరల మరల కనిపించును. మొదట ఒకడు నీట పడును. వానిని రక్షింపబోయి ఈతరాని రెండవవాడు దూకును. ఆ యిద్దరి కొరకు మూడవవాడు దూకును. వారి హృదయమును తప్పుపట్టగలవారెవరు? కాని ఆ దూకుట వలన మునుగుచున్నవాని ప్రాణము దక్కలేదు. మరి రెండు ఇండ్లలో దీపములారినవి. అచ్చట దయ యున్నది, సామర్థ్యము లేదు. సామర్థ్యము లేని దయ పరులను కాపాడగలదా?

మన కొండలలో బొర్రా గుహల మీదుగా వచ్చు గోస్తనీ నది భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. ఆ తీరము వెంబడి విశాఖపట్నము వైపు వచ్చినచో ఋషికొండ తగులును. అచ్చట కొన్ని యేండ్లుగా స్కూబా డైవింగ్ అను వినోదక్రీడ అలవాటులోనికి వచ్చినది. వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట రెగ్యులేటరు అను పరికరము పెట్టుకొని, సముద్రపు అడుగున చేపల నడుమ సంచరించుటయే ఆ క్రీడ. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్టో, ఎమీల్ గన్యాన్ అనువారు రూపొందించిన పరికరము వలన ఇది సామాన్యులకును సాధ్యమైనది. పడవనుండి గొట్టముద్వారా పంపు గాలిపై ఆధారపడక, మానవుడు తన గాలిని తానే మోసికొనిపోవుట దీనిలోని విశేషము. స్వయంశక్తికి ఇంతకంటె స్పష్టమైన రూపమేమున్నది? అయినను ఈ క్రీడలోని ముఖ్య నియమములలో ఒకటి, ఒంటరిగా దిగరాదనుట. ప్రతివానికిని ఒక తోడు ఉండవలెను. దిగుటకు పూర్వము ఒకరి పరికరములు ఒకరు పరీక్షించుకొనవలెను. అడుగున ఒకరినొకరు కనిపెట్టుకొనియుండవలెను. ఒకరి గాలి తీరిపోయినచో రెండవవాడు తన సిలిండరునుండి పంచి యిచ్చి పైకి తీసికొనిరావలెను.

ఈ నియమమును గూర్చి ఆ క్రీడాకారులలోనే రెండు అభిప్రాయములు కలవు. తోడు లేనిదే భద్రత లేదని కొందరు. తోడు ఉన్నాడను ధైర్యమే మనిషిని సోమరిని చేయునని, తన గాలిమాపకమును తాను చూచుకొననివాడు తోటివానికి బరువేయని మరికొందరు. ఈ రెండవవారి మాటలో సత్యము లేకపోలేదు. కొలనులో మొదట నేర్పు విద్యలేవి? కంటియద్దములో నీరు చేరినచో ముక్కుగాలితో దానిని వెడలగొట్టుట. నోటినుండి జారిన రెగ్యులేటరును చేతితో వెదకి తిరిగి పెట్టుకొనుట. పైకి వచ్చునపుడు ఊపిరి బిగబట్టకుండుట. ఇవన్నియు ఆత్మరక్షణ విద్యలే. పరులను రక్షించుట నేర్పు పైతరగతి శిక్షణలో సైతము మొదటి పాఠము తన్ను తాను రక్షించుకొనుటయే. ఇంతవరకు మన సామెతయే గెలిచినట్లున్నది.

కాని లెక్క యింకను మిగిలియున్నది. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనమున గాలి నింపినచో అది 2400 లీటర్ల గాలియగును. ప్రశాంతుడైన మనిషి నిమిషమునకు ఇంచుమించు 20 లీటర్లు పీల్చుననుకొందము. నీటిలో ప్రతి పది మీటర్లకు పీడనము ఒక బారు చొప్పున పెరుగును గనుక, ఇరువది మీటర్ల లోతున అతనికి నిమిషమునకు 60 లీటర్లు కావలెను. అనగా ఆ లోతున సిలిండరు మొత్తము నలువది నిమిషములకు తీరిపోవును. సాధారణముగా 50 బార్లు మిగిలియుండగనే పైకి చేరవలెనని చెప్పుదురు. అనగా 600 లీటర్లు. ఇప్పుడు తోటివాని గాలి అకస్మాత్తుగా తీరినదనుకొందము. భయము వలన ఇద్దరును నిమిషమునకు 30 లీటర్ల లెక్కన పీల్చుదురు. అడుగున ఒక నిమిషము కుదుటపడుటకును, నిమిషమునకు తొమ్మిది మీటర్ల చొప్పున మెల్లగా పైకి వచ్చుటకును, అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుటకును లెక్కకట్టినచో ఇద్దరికిని ఏడు వందల లీటర్లకు పైగా కావలెను. ఒక్కనికి అందులో సగము చాలును.

బంధువులారా, ఈ అంకెలలోని ధర్మమును గమనింపుడు. ఆ లోతున 600 లీటర్లు మిగుల్చుకొన్నవాడు తన మట్టుకు జాగరూకుడే. తన్ను తాను మాలినవాడు కాడు. కాని ఆ క్షణమున తోటివాడు చేయి చాచినచో ఇచ్చుటకు అతనియొద్ద చాలినంత లేదు. అందువలననే వివేకవంతులైన డైవర్లు మిగుల్చుకొనవలసిన గాలిని ఒకనికి గాక ఇద్దరికి లెక్కకట్టుదురు. నీటి గుహలలో దిగువారు మరింత కఠినమైన నియమము పాటించుదురు: మూడవవంతు గాలి పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, చివరి మూడవవంతు ఆపదకు. ఆ చివరి భాగము తన వీపుననే యున్నను తన సొత్తు కాదు. అది తోటివాని ఊపిరి. తాను దానిని మోయువాడు మాత్రమే.

ఫ్లోరిడా గుహలలో దిగువారి యొద్ద పుట్టిన మరియొక పద్ధతి కలదు. ఆపదలో ఉన్నవానికి వారు అదనపు రెగ్యులేటరును ఇయ్యరు. తమ నోటనున్న దానినే తీసి యిచ్చి, మెడ క్రింద వ్రేలాడు అదనపు దానిని తాము పెట్టుకొందురు. కారణమేమి? నోటనున్నది పనిచేయుచున్నదని ఆ క్షణమున నిశ్చయముగా తెలియును. ఊపిరాడక తహతహలాడువానికి పరీక్షింపని వస్తువును ఇయ్యరాదు. మనము పరులకు దానము చేయునపుడు చినిగిన గుడ్డ, మిగిలిన కూడు వెదకుదుము గదా! సముద్రపు అడుగున ఆ దానము చెల్లదు. అయినను ఒక్క సంగతి మరువరాదు. తన నోటిలోనిది తీసి యిచ్చు ధైర్యము, రెగ్యులేటరు లేని ఆ రెండు క్షణములు కలతపడక నిలువగలవానికే వచ్చును. మొదట నేర్చిన ఆత్మరక్షణ విద్య ఇచ్చట దాన విద్యగా మారినది.

బ్రిటను దేశమున 1946లో స్థాపితమైన గుహాడైవర్ల సంఘమొకటి కలదు. అచ్చటి గుహలలో నీరు బురద, దారులు ఇరుకు. తోడున్నను చూడలేడు, చేరలేడు. అందువలన ఆ దేశపు గుహాడైవర్లు రెండు వేరువేరు సిలిండర్లతో, ఎవరిపైనను ఆధారపడక, ఒంటరిగా దిగుటను అభ్యసించిరి. ఇట్టివారు పరులకు ఏమి ఉపయోగపడుదురని ఎవరైనను అడుగవచ్చును. దానికి సమాధానము 2018లో లభించినది. ఆ యేడు జూన్ 23న థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండుమంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు వరదనీటి వలన చిక్కుకొనిరి. జూలై 2న వారి జాడ కనుగొన్నవారు ఇద్దరు బ్రిటిషు వినోద డైవర్లు: పదవీవిరమణ చేసిన అగ్నిమాపకోద్యోగి రిక్ స్టాంటన్, కంప్యూటరు వృత్తిలోనున్న జాన్ వొలాంథెన్. గుహలలో దిగుట వారికి జీతపు పని కాదు, సెలవుదినముల వ్యాపకము. వారితో కలిసినవాడు ఆస్ట్రేలియాకు చెందిన మత్తువైద్యుడు రిచర్డ్ హారిస్. భయపడి గింజుకొన్న బాలుడు తానును చనిపోయి, తీసికొనిపోవువానిని సైతము చంపగలడు గనుక, బాలురకు మత్తుమందిచ్చి జూలై 8, 9, 10 తేదులలో ఒక్కొక్కరినే వెలికి తెచ్చిరి. పదముగ్గురును బ్రతికిరి. ఎవరిపైనను ఆధారపడకుండుట జీవితమంతయు సాధన చేసినవారే నాడు పరులకు ఆధారమైరి.

ఆ కార్యమున ఒక త్యాగము కూడ జరిగినది. థాయి నౌకాదళపు పూర్వ సైనికుడు సమన్ కునన్ స్వచ్ఛందముగా వచ్చి, గుహలో గాలి సిలిండర్లను చేరవేసి, తిరిగి వచ్చుచు జూలై 6న ప్రాణము విడిచెను. అతడు శిక్షణ లేనివాడు కాడు. సామర్థ్యము ఉన్నంత మాత్రమున ప్రాణభయము తొలగిపోదని దీనివలన తెలియుచున్నది. అయినను అతని దూకుటకును, ఈతరానివాని దూకుటకును భేదము కలదు. ఒకటి తెలిసి చేసిన అర్పణము. మరియొకటి తెలియని తొందర.

కల్యాణ నగరమున బసవేశ్వరుల కాలమున ఆయిదక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులుండిరి. నేలరాలిన బియ్యపు గింజలనేరి తెచ్చి, వండి, జంగమార్చన చేయుట వారి నిత్యకాయకము. ఒకనాడు మారయ్య అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఎక్కువైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని మందలించెను. ఇది చదివి, మిగుల్చుకొనుటయే దోషమైనచో డైవరు మిగుల్చుకొను గాలి మాటయేమని కొందరు సందేహింపవచ్చును. లక్కమ్మ త్రోసిపుచ్చినది తన కొరకు కూడబెట్టుటను. పరుల కొరకు మోయుటను కాదు. కాయకము చేయనివానికి దాసోహము చేయుటకు చేతిలో ఏమియు నుండదు. దాసోహము లేని కాయకము గాదె నింపుకొనుటయే యగును. శరణులు ఈ రెంటిని విడదీయలేదు. ఇష్టలింగమును ఎవరి దేహమున వారే ధరించి, ఎవరి పూజ వారే చేసికొనవలెనని చెప్పినవారే జంగమసేవను కూడ విధించిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆపద వచ్చినపుడు, నాకు శక్తి లేదు గనుక దోషము లేదనుట న్యాయమేనా? ఆ క్షణమునకు అది న్యాయమే. ఈతరానివాడు దూకకుండుట పాపము కాదు. త్రాడు విసరుట, కఱ్ఱ అందించుట, కేకవేసి పదిమందిని పిలుచుట అతని ధర్మము. కాని శక్తి లేకపోవుటకు కారణమెవరు? నేర్చుకొనుటకు కాలమున్నను నేర్వనివాడు, తోటివాని వంతు గాలి మిగుల్చక దిగినవాడు, ఆపదకు పూర్వమే తప్పు చేసినవాడు. పరోపకార ధర్మము ఆపదనాడు మొదలుకాదు. అంతకు ఎన్నో దినములకు ముందే, ఎవరును చూడని సాధనలో మొదలగును. తన్ను తాను నిలుపుకొనుట ఆ ధర్మమునకు విరోధము కాదు, అదియే మొదటి మెట్టు. ఆ మెట్టుపైననే కూర్చుండిపోవుట మాత్రము విరోధము.

సహాయము పొందువాని పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. ఈత రాని యాత్రికుని శిక్షకుడు సిలిండరు పట్టుకొని నీటిలో కొంతసేపు త్రిప్పి తెచ్చును. అది వినోదమునకు చాలును. కాని ఆ యాత్రికుడు రేపు కూడ ఒకరి చేతిలోనే యుండును. మన కొండప్రాంతమునకు వచ్చు ఉపకారములలో ఇట్టివి లేకపోలేదు. చేయి పట్టుకొని నడిపించుట మంచిదే. విడిచిన పిమ్మట తానే నడుచునట్లు చేయుట అంతకంటె మంచిది. అట్లే, సహాయము అడుగుటకు సిగ్గుపడి గాలి తీరువరకు సైగ చేయనివాడు తోటివానికి మేలు చేయుట లేదు. ఇద్దరికిని మిగిలియున్న కాలమును హరించుచున్నాడు.

ఈ మన్యములో బండి దారి లేని కొండ ఊళ్లు ఇంకను కలవు. నిండుగర్భిణిని, జ్వరపీడితుని డోలీలో పెట్టి, కొండవాలున రోడ్డు వరకు మోసికొనిరావలసి వచ్చుట పాఠకులు వినియున్నదే. డోలీ మోయువాడు మొదట తన కాళ్లపై తాను గట్టిగా నిలువవలెను. అతడు తడబడినచో మోసెడివారును మోయబడునదియు కలిసి లోయలో పడుదురు. అట్లని తన కాళ్ల బలమును తన నడకకు మాత్రమే దాచుకొన్నచో ఆ తల్లికి దిక్కెవరు? కాళ్ల బలము తనది, భుజముమీది బరువు పరులది. సముద్రపు అడుగుననైనను, కొండదారిలోనైనను ధర్మము ఇదియే.