తన యింటికి ఎదుటి గోడ

వాక్యభాగము: నెహెమ్యా 3, 8 అధ్యాయములు

నెహెమ్యా గ్రంథములోని మూడవ అధ్యాయమును అనేకులు వట్టి పేరుల పట్టికయని తలంచి దాటిపోవుదురు. అయితే పాడైన పట్టణము తిరిగి ఎట్లు నిలిచెనో ఆ పేరులే తెలుపుచున్నవి. యాజకులు, బంగారపు పనివారు, వర్తకులు గోడ కట్టిరి. షల్లూముతోకూడ అతని కుమార్తెలును కట్టిరి. పలువురు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమునే బాగుచేసిరి. తెకోవీయుల పెద్దలు మాత్రము పనికి మెడ వంచలేదు. ఆ సంగతియు అచ్చట వ్రాయబడియున్నది.

ఖరగ్‌పూరులోని నిమ్‌పురా వంటి పేటలో ఈ అధ్యాయము చదివినవారికి దాని భావము మరింత స్పష్టమగును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్ర కుటుంబములెన్నో పని వెదకికొనుచు ఆ పట్టణము చేరినవి. వర్క్‌షాపు, నిమ్‌పురా యార్డు వారికి జీవనాధారములాయెను. క్వార్టరు, నీళ్లు, ఆసుపత్రి, బడి రైల్వేవారే ఏర్పరచిరి. అది మేలే. అయితే అట్టి మేలు వెంట ఒక అలవాటును వచ్చును. కాలువ పూడినను, కుర్రవాడు బడి మానినను, ఆఫీసువారే చూచుకొందురనుకొనుట. క్వార్టరు రిటైరగు వరకే గదా, పిమ్మట స్వగ్రామమే గదా, వెళ్లిపోవువాడు గోడ యేల కట్టవలెను?

బబులోను చెరలోనున్నవారికి యిర్మీయా వ్రాసిన పత్రిక (29వ అధ్యాయము) ఈ తలంపునే సరిచేసినది. అచ్చటనే యిండ్లు కట్టుకొని, ఆ పట్టణపు క్షేమముకొరకే ప్రార్థింపవలెనని ప్రవక్త వారికి బోధించెను. నిమ్‌పురాలో తెలుగువాని పొరుగున బెంగాలీలు, ఒడియావారు, హిందీవారు ఉన్నారు. దోమ ఎవరి భాషయు అడిగి కుట్టదు. కాలువ బాగైన, అందరికిని బాగగును.

గోడ 52 దినములలో ముగిసెను. గ్రంథము అంతటితో ముగియలేదు. జనులు మైదానమందు కూడగా ఎజ్రా ధర్మశాస్త్రము చదివెను. లేవీయులు అందరికి అర్థమగునట్లు వివరించిరి. రాళ్లు నిలిచిన తరువాత మనుష్యులు నిలువవలెను. అందుకు విద్య కావలెను.

ఖరగ్‌పూరు చెంత హిజ్లీలో ఆంగ్ల ప్రభుత్వము దేశభక్తులను నిర్బంధించిన భవనము కలదు. 1931 సెప్టెంబరు 16న అచ్చట నిరాయుధులైన ఖైదీలు ఇద్దరు తుపాకి గుండ్లకు బలియైరి. 1951లో ఆ భవనములోనే దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమాయెను. చెరసాల విద్యాలయమాయెను! అయినను పేటలోని బాలికకు ఒకరు కూర్చుండి లెక్కలు చెప్పనియెడల ఆ వెలుగు ఆమె గుమ్మము చేరదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషగా గుర్తింపు నిచ్చుటకు అంగీకరించెను. ఉత్తరువు తలుపు తెరచును. పిల్లవానిచేత అక్షరములు దిద్దించుట యింటివారి పని, సంఘము పని.

నాయకత్వమనగా నేమి? నెహెమ్యా మాటలాడుటకు ముందు రాత్రివేళ తిరిగి, పడిన గోడలను కన్నులార చూచెను. అధికారిగా తనకు రావలసిన భోజనపు సొమ్మును పండ్రెండు సంవత్సరములు ముట్టలేదు. చూచువాడు, తనకొరకు తీసికొననివాడు నాయకుడు. రిటైరైన ఫిట్టరు వారమునకు రెండు సాయంకాలములు మందిరపు వరండాలో లెక్కలు చెప్పవచ్చును. చదువు ముగించిన సహోదరి తల్లులకు అక్షరములు నేర్పవచ్చును. అది వారి యింటికి ఎదుటి గోడ.

చదువరీ, నీ యింటికి ఎదుట పడియున్న గోడ యేది?

ప్రార్థన: ప్రభువా, మమ్ము నీవుంచిన పేటను ప్రేమించుటకు నేర్పుము. పెద్దలమను నెపముతో మెడ వంచనివారము కాకుండ, మా వంతు రాయి మేమెత్తునట్లు కృప దయచేయుము. ఆమేన్.