భయం ఎవరికి ఉండాలి?

రాత్రి డ్యూటీ ముగించుకుని ఒక నర్సు హైదరాబాద్‌లో బస్సు దిగింది. ఇల్లు చేరాలంటే పది నిమిషాలు ఒంటరిగా నడవాలి. దారిలో ఆమెకేదైనా జరిగితే మన నోట వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? ‘ఆ వేళప్పుడు ఒంటరిగా ఎందుకు వెళ్ళింది?’ ఇది న్యాయమైన ప్రశ్నేనా?

2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసి, సాయం చేస్తామని నమ్మించి, అత్యాచారం చేసి చంపేశారు. భయంతో ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. పోలీసులకు చేసి ఉండాల్సిందన్న మాట బాధ్యతగల పెద్దల నోటనే వినవచ్చింది. అంటే హతురాలినే లెక్క అడిగామన్నమాట!

దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)కి ఒక శుభవార్త వినిపించారు. ఇరాక్‌లోని హీరా నుండి ఒక స్త్రీ ఒంటరిగా బయలుదేరి, అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా కాబా చేరుకునే రోజు వస్తుందన్నారు. అది వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఎడారి దారి. అదీ (రజి) తయ్ తెగ నాయకులు. ‘మరి మా తెగ దారిదోపిడీగాళ్ళు ఏమైపోతారు?’ అని ఆయన మనసులో అనుకున్నారు. తర్వాత ఆ రోజును ఆయన కళ్ళారా చూశారు. గమనించండి, ఆయనకు స్త్రీ గురించి సందేహం రాలేదు, తన మనుషుల గురించి వచ్చింది. స్త్రీలు ఇంట్లో ఉండిపోవడం వల్ల కాదు, దోపిడీగాళ్ళు లేకుండా పోవడం వల్లనే ఆ దారి సురక్షితమయింది.

మరి స్త్రీ జాగ్రత్తపడనక్కర్లేదా? తప్పక పడాలి. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) బోధనే. కాని ఒంటెను కట్టలేదని దొంగ నిర్దోషి అయిపోడు. మహ్రమ్ తోడు లేని దూర ప్రయాణం గురించి ధర్మవేత్తల చర్చ వేరు. ఆ చర్చ ఎటు తేలినా, వేధించినవాడి పాపం వీసమెత్తు కూడా తగ్గదు. చూపులు దించుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో ముందు పురుషులకే వచ్చింది.

బాటకు కూడా హక్కులున్నాయని ప్రవక్త (స) సెలవిచ్చారు. చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, చెడును వారించడం వాటిలోనివే. మన గల్లీలో వెలగని వీధిదీపం గురించి ఎవరు అడిగారు? చబూత్రాపై కూర్చుని ఆడపిల్లలపై మాటలు విసిరే కుర్రాణ్ణి ఎవరు మందలించారు? వాడు మన అబ్బాయే అయితే?

112, 181 నంబర్లు ఇంటిల్లిపాదికీ నోటికి రావాలి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చని, 2014 నుండి హైదరాబాద్‌లో షీ టీమ్స్ పనిచేస్తున్నాయని అమ్మాయిలకు తెలియజేయాలి. ‘పరువు పోతుంది’ అంటూ వారి నోరు నొక్కకూడదు.

‘జాగ్రత్తమ్మా’ అని కూతురికి రోజూ చెబుతున్నాం. ‘నీ వల్ల ఎవరూ భయపడకూడదు నాయనా’ అని కొడుక్కి ఎన్నిసార్లు చెప్పాం?