కన్నప్ప వేట – మన వినోదము

శరత్కాలమున తరిగొప్పుల వంటి పల్లెల చెట్లక్రింద ఉండేలు పట్టి ఉడుతలకై తిరుగుట కొందరికి వినోదము. కన్నప్పయు వేటగాడే గదా, శివుడాతనిని మెచ్చలేదా యని వారడుగుదురు. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఈ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడివడిన సోమనాథకవియే బసవపురాణమున కన్నప్పకు చోటిచ్చెను.

అయితే కన్నప్పకు వేట జీవనము, వినోదము కాదు. శివుడు గ్రహించినది మాంసమును కాదు, దానినర్పించిన ప్రేమను. ఆ ప్రేమయే కడపట తన కన్నును పెకలించి యిచ్చినది. వేడుకకై చంపువాడు ఇచ్చునదేమి?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చేతిని ఆపగలదు, మనస్సును మార్చలేదు. దయను ధర్మమునకు మూలముగా బోధించిన బసవేశ్వరుని అనుయాయులకు ఆ పని మిగిలియున్నది. చిన్న సేవను ‘ఉడుతాభక్తి’ యని గౌరవించు మనము పిల్లలను అడవికి తప్పక తీసికొని పోవుదము. ఉండేలును మాత్రము ఇంటనే ఉంచుదము.