అటకమీది టోపీ

దసరాకు ఇల్లు దులుపుతూ, మావారి గని టోపీని పాతసామాన్లవాడికి వేసేయబోయాను. ఆయన పరుగున వచ్చి లాక్కున్నారు.

"ఇది మ్యూజియంలో ఉండాల్సిన వస్తువే!"

గోదావరిఖనిలో ఆయన ముప్ఫై ఏళ్లు ఆ టోపీతోనే గనిలోకి దిగారు. కాదనగలనా?

మ్యూజియం అనగానే హైదరాబాదులో నేను చదువుకున్న కోఠీ ఉమెన్స్ కాలేజీ గుర్తొచ్చింది. ఒకప్పుడది బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. 1857లో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో దాని మీదికి దండెత్తారు. 1949లో అందులోకి ఆడపిల్లల చదువు వచ్చింది. దొరల కోసం చెక్కిన సింహాల మధ్యనుంచి మేం పుస్తకాలు పట్టుకుని మెట్లెక్కేవాళ్లం. తర్వాత భవనం శిథిలమైతే బాగుచేసి, 2024లో సందర్శకులకు తెరిచారు.

మొన్న మనవరాలిని తీసుకెళ్లాను. దర్బారు హాలు చూసి నోరు తెరిచింది.

"అమ్మమ్మా, నువ్వెక్కడ కూచునేదానివి?"

మా బల్లలు ఎప్పుడో పోయాయి. వట్టి నేల చూపించాను.

బాగుచేయకపోతే కప్పు కూలిపోయేది, ఒప్పుకుంటాను. కానీ పాత భవనాన్ని ఏ రోజుకు తీసుకుపోవాలి? కట్టించినవాడి రోజుకా? దాని మీద తిరగబడ్డవాళ్ల రోజుకా? అక్కడ అక్షరాలు దిద్దుకున్నవాళ్ల రోజుకా? ఒక్కరినే గుర్తుంచుకుంటే మిగతావాళ్లను మరిచినట్టే కదా!

ఆ తోటలోనే భవనానికి చిన్న నమూనా ఉంది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా గోషాలో ఉండేది. ముందువైపుకు వచ్చి చూడలేదు గనుక ఆమె కోసం కట్టించాడని చెబుతారు. ఆమె ఉన్న రంగమహల్ మాత్రం ఇప్పుడు లేదు. ఆవిడకు చూపించిన బొమ్మ మిగిలింది, ఆవిడ బతికిన ఇల్లు మిగల్లేదు!

ఇంటికొచ్చాక టోపీని తుడిచి అటకమీదే పెట్టాను. పక్కనే సొట్టలుపోయిన టిఫిన్ క్యారియర్ కూడా పెట్టాను. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే లేచి నేను అన్నం సర్దిన క్యారియర్ అది.

"ఇదెందుకోయ్?" అన్నారు మావారు.

"టోపీ ఒక్కటే గనిలోకి దిగిందా?" అన్నాను.

ఆయనేం మాట్లాడలేదు. స్టూలెక్కి, క్యారియర్‌ని కొంచెం ముందుకు జరిపారు.